ఎర్నెస్ట్ మోరో

ఎర్నెస్ట్ మోరో (డిసెంబరు 8, 1874 - మార్చి 17, 1951) సుప్రసిద్ధ శిశువైద్యుడు, పరిశోధకుడు. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో జన్మించి, జీవితంలో ఎక్కువ భాగం జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో గడిపాడు. పసిపిల్లలు హఠాత్తుగా వచ్చిన చప్పుడుకో, పడిపోతున్నట్లు అనిపించినపుడో ఉలిక్కిపడి, రెండు చేతులూ చాచి మళ్ళీ ఛాతీ వైపు ముడుచుకునే చర్యను 1918లో ఈయన శాస్త్రీయంగా వర్ణించాడు. దానికి మోరో ప్రతీకార చర్య అని ఈయన పేరే స్థిరపడింది. ప్రపంచమంతటా నవజాత శిశువుల నాడీమండలాన్ని పరీక్షించే పద్ధతులలో ఇది ముఖ్యమైనది. అతిసారంతో బాధపడే పిల్లలకు క్యారెట్ రసం, క్షయను గుర్తించేందుకు లేపన పరీక్ష, శిశువుల పేగులలో నివసించే ఆమ్లప్రియ సూక్ష్మజీవి గుర్తింపు మోరో చేసిన ఇతర కృషిలో ముఖ్యమైనవి.

నేపథ్యం

నిద్రలో ఉన్న పసిబిడ్డ ఉన్నట్టుండి ఉలిక్కిపడటం ప్రతి తల్లీ చూసినదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలతో సహా తెలుగునాట దీనిని ఉలుకు అని, దడుపు అని అంటారు. దృష్టి తగిలిందనో, బాలగ్రహ దోషమనో భావించి తాయెత్తు కట్టించడం, తలగడ కింద ఇనుప ముక్క ఉంచడం చాలా ఇళ్ళలో ఆచారం. బిడ్డను మెత్తని పాత చీర పొత్తిళ్ళలో చుట్టి పడుకోబెట్టడం మరొక ఆచారం. ఇనుప ముక్క సంగతి ఎలా ఉన్నా, పొత్తిళ్ళలో ఉన్న బిడ్డ తక్కువగా ఉలికిపడుతుందని, ఉలికినా నిద్ర చెడకుండా సర్దుకుంటుందని తరువాతి కాలపు పరిశోధనలు చూపాయి. కాళ్ళు కదిలే వీలు లేకుండా బిగించి కట్టడం మాత్రం తుంటి కీళ్ళకు మంచిది కాదని వైద్యులు హెచ్చరిస్తారు.

తల్లులు అనాదిగా ఎరిగిన ఈ కదలికకు వైద్య గ్రంథాలలో ఒక స్థానం ఏర్పడింది మోరో తరువాతనే. ఇది జబ్బు కాదని, పైగా ఇది కనబడకపోతేనే కంగారు పడాలని ఆయన పరిశీలన వల్ల తేలింది.

జననం, విద్య

మోరో 1874 డిసెంబరు 8న లైబాఖ్ పట్టణంలో జన్మించాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. లుబ్లియానా అనే పేరుతో అదే ఇప్పుడు స్లొవేనియా దేశ రాజధాని. గ్రాజ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1899లో పట్టా పొందాడు.

గ్రాజ్‌లో మోరోకు దొరికిన గురువు థియోడర్ ఎషెరిక్. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవిని 1885లో వర్ణించిన శాస్త్రవేత్త ఈయన. ఆ జీవికి ఎషెరీషియా కోలై అనే పేరు వచ్చింది ఈయన వల్లనే. పిల్లల జబ్బులను పెద్దల జబ్బుల చిన్న రూపాలుగా చూడకుండా, వాటికి వేరే శాస్త్రం ఉండాలని భావించిన తొలి తరం వైద్యులలో ఎషెరిక్ ఒకడు. శిష్యుడికీ అదే దృష్టి అబ్బింది. తరువాత మోరో, మెయిన్‌హార్డ్ ఫాన్ ఫౌండ్లర్ వద్ద కూడా పనిచేశాడు. ఫౌండ్లర్ మ్యూనిక్‌కు వెళ్ళినపుడు మోరో కూడా అక్కడికి చేరాడు.

తొలి పరిశోధనలు

ఆ రోజుల్లో జర్మనీలో పుట్టిన ప్రతి ఐదుగురు శిశువులలో సుమారు ఒకరు ఏడాది నిండకుండానే మరణించేవారు. వారిలో చాలామందిని బలిగొన్నది అతిసారం. పోతపాలు తాగే పిల్లలలో ఈ మరణాలు మరీ ఎక్కువ. మోరో తొలి పరిశోధనలన్నీ ఈ సమస్య చుట్టూనే సాగాయి. తల్లిపాలు తాగే పిల్లల రక్తానికి సూక్ష్మజీవులను చంపే శక్తి పోతపాల పిల్లల రక్తం కంటే ఎక్కువని ఆయన గమనించాడు. తల్లిపాలు ఆహారం మాత్రమే కాదు, రక్షణ కూడా అనే అవగాహనకు ఇది తొలి ఆధారాలలో ఒకటి.

1900లో శిశువుల మలం నుండి ఆమ్లంలో బాగా పెరిగే ఒక సూక్ష్మజీవిని వేరుచేసి బాసిల్లస్ ఆసిడోఫిలస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దానిని లాక్టోబాసిల్లస్ ఆసిడోఫిలస్ అంటున్నారు. ఇటీవల మార్కెట్లో దొరికే ప్రోబయోటిక్ పెరుగు డబ్బాల మీద, మందుల దుకాణాలలోని గుళికల మీద కనిపించే పేరు ఇదే.

1908లో క్యారెట్ రసం గురించి ప్రకటించాడు. అర కిలో క్యారెట్లను చెక్కు తీసి, లీటరు నీటిలో గంటకు పైగా ఉడికించి, మెదిపి, జల్లెడ పట్టి, తిరిగి లీటరు అయ్యేలా నీరు కలిపి, 3 గ్రాముల ఉప్పు వేయడం దాని తయారీ విధానం. ఖరీదైన మందు ఏదీ అవసరం లేని ఈ చికిత్స శిశు వైద్యశాలలలో మరణాలను బాగా తగ్గించింది. ఒంట్లోంచి పోయిన నీరు, లవణాలు తిరిగి చేరడమే దీని మహిమ అని చాలాకాలం అనుకున్నారు. ఓ.ఆర్.ఎస్. సూత్రం కూడా దాదాపు ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలలో దిలీప్ మహలనబిస్ ఓ.ఆర్.ఎస్.తో వేలమందిని కాపాడిన తరువాత క్యారెట్ రసం మరుగున పడింది. అయితే క్యారెట్‌ను ఎక్కువసేపు ఉడికించినపుడు ఏర్పడే కొన్ని చిన్న చక్కెర గొలుసులు సూక్ష్మజీవులను పేగు గోడలకు అంటుకోనివ్వవని తరువాత జర్మన్ పరిశోధకులు చూపడంతో దానిమీద మళ్ళీ ఆసక్తి కలిగింది.

అదే 1908లో క్షయ సోకినదీ లేనిదీ తెలుసుకునేందుకు ట్యూబర్క్యులిన్‌ను ఉన్నికొవ్వుతో సమపాళ్ళలో కలిపి చర్మంపై రుద్దే పరీక్షను ప్రవేశపెట్టాడు. సూది గుచ్చడం, చర్మం గీరడం లేనందున పిల్లలు ఏడ్చేవారు కారు. కాని మోతాదు కచ్చితంగా ఉండే మాంటూ పరీక్షే చివరకు నిలిచింది. మోరో పరీక్ష క్రమంగా వాడుక తప్పింది.

హైడెల్‌బర్గ్‌లో

1911లో మోరో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో శిశువైద్య ఆచార్యుడుగా, లూయిజె పిల్లల ఆసుపత్రి అధిపతిగా నియమితుడయ్యాడు. పాతికేళ్ళు ఆ పదవిలో ఉన్నాడు. పిల్లలకు తరచుగా వచ్చి పోయే బొడ్డు చుట్టూ నొప్పికి ప్రతిసారీ శస్త్రచికిత్స అవసరం లేదని, చాలా సందర్భాలలో పేగులో లోపమేదీ ఉండదని ఈ కాలంలోనే వివరించాడు. అప్పటికి అటువంటి పిల్లలకు అపెండిక్స్ తీసివేయడం పరిపాటిగా ఉండేది. విటమిన్ల పరిశోధనలో ప్రసిద్ధుడైన పాల్ జార్జి 1920 నుండి ఇక్కడ మోరో వద్దనే పనిచేశాడు. రిచర్డ్ కూన్‌తో కలిసి రైబోఫ్లావిన్‌ను వేరుచేసిన పరిశోధన ఈ ఊరిలోనే 1933లో జరిగింది.

1918 నాటి వ్యాసం

మోరో 1918లో మ్యూనిక్ వైద్య వారపత్రికలో శిశువు జీవితంలోని మొదటి మూడు నెలల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. మనిషి బిడ్డ మిగతా జంతువుల పిల్లలతో పోలిస్తే అపరిపక్వంగా పుడుతుందని, మొదటి మూడు నెలలూ గర్భంలోని బ్రతుకుకూ బయటి బ్రతుకుకూ మధ్య సంధికాలమని అందులో ప్రతిపాదించాడు. ఈ కాలానికే ప్రత్యేకమైన లక్షణాలు కొన్ని ఉంటాయని, మూడు నెలలు దాటగానే అవి తగ్గుముఖం పడతాయని చెబుతూ, వాటికి ఉదాహరణగా ఒక ప్రతీకార చర్యను వర్ణించాడు.

ఆయన చేసిన ప్రయోగం చాలా సులువైనది. బిడ్డను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, తలగడకు రెండు వైపులా అరచేతులతో ఒక్కసారి చరచాలి. వెంటనే బిడ్డ చేతులు రెండూ పక్కలకు విచ్చుకుంటాయి, వేళ్ళు తెరుచుకుంటాయి. తరువాత చేతులు విల్లులా వంగి, దేనినో కౌగిలించుకోబోతున్నట్లు ఛాతీ మీదికి వస్తాయి. చాలాసార్లు ఆ వెంటనే ఏడుపు మొదలవుతుంది. మోరో దీనికి కౌగిలి ప్రతీకార చర్య అనే అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టాడు. తల్లి ఒంటిని పట్టుకుని వేలాడే కోతి పిల్ల, తల్లి కదలగానే పట్టు బిగించడం వంటిదే ఇదని, మానవ పూర్వీకుల నుండి మిగిలిన అవశేషమని ఆయన అభిప్రాయం.

ఈ అభిప్రాయాన్ని రుజువు చేయడం కష్టమే గాని, బిడ్డ అసలు ఉయ్యాలలోనో మంచం మీదనో ఒంటరిగా పడుకోవడం మానవ చరిత్రలో కొత్త సంగతి అని గుర్తుంచుకుంటే అది అంత వింతగా తోచదు. పార్వతీపురం, సీతంపేట కొండలలోని తల్లులు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని పనులు చేసుకోవడం చూసినవారికి మోరో ఉద్దేశం సులభంగా అర్థమవుతుంది.

ఉలికిపాటుతో పోలిక

మోరో చర్య, పెద్దవారిలో కనిపించే ఉలికిపాటు ఒకటేనా అనే విషయంపై చాలాకాలం వాదోపవాదాలు సాగాయి. దీనిని తేల్చడంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్నీ లాండిస్, విలియం హంట్ కృషి ముఖ్యమైనది. వీరు తుపాకీ పేల్చి, ఆ క్షణంలో మనుషులు, జంతువులు ఎలా కదులుతారో అతివేగ చలనచిత్ర కెమెరాతో చిత్రించి, 1939లో గ్రంథంగా ప్రచురించారు. పెద్దవారిలో మొదట రెప్పలు మూతపడతాయి, తల ముందుకు వస్తుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు, మోకాళ్ళు వంగుతాయి. అంటే ఉలికిపాటులో శరీరం ముడుచుకుంటుంది. మోరో చర్యలో మొదట విచ్చుకుంటుంది. ఉలికిపాటు బ్రతికినంత కాలం ఉంటుంది. మోరో చర్య నాలుగు నుండి ఆరు నెలల లోపు అదృశ్యమవుతుంది. పసిబిడ్డలో రెండూ ఉండవచ్చు. మొదటిది తగ్గుతున్న కొద్దీ రెండవది స్పష్టపడుతుంది.

రెండింటి ప్రేరణలు కూడా వేరు. ఉలికిపాటుకు ముఖ్య ప్రేరణ హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం. మోరో చర్యకు బలమైన ప్రేరణ తల ఒక్కసారిగా వెనక్కి జారడం. లోపలి చెవిలో సమతాస్థితిని కనిపెట్టే అవయవం నుండి, మెడ నుండి ఈ సంకేతం వెళుతుంది. తలగడ మీద మోరో చరిచినపుడు శబ్దంతో పాటు తల కూడా అదిరింది. ఏది ఎంత పనిచేసిందో ఆ ప్రయోగం విడదీసి చెప్పలేదు. అందుకే తరువాతి వైద్యులు తలగడను వదిలి, బిడ్డ తలను చేతిలో కొద్దిగా ఎత్తి, చేయి తీయకుండానే కొన్ని సెంటీమీటర్లు కిందికి దించే పద్ధతికి మారారు.

ఉలికిపాటు నాడీమార్గం మోరో మరణించిన మూడు దశాబ్దాలకు గాని స్పష్టపడలేదు. 1982లో మైకేల్ డేవిస్ బృందం ఎలుకలలో దీనిని శోధించింది. శబ్దం వినబడిన 8 మిల్లీసెకన్లలోనే ఎలుక వెనుక కాళ్ళ కండరాలలో విద్యుత్ సంకేతం కనబడింది. ఇంత తక్కువ వ్యవధిలో సంకేతం పెద్ద మెదడు వరకు వెళ్ళి రావడం సాధ్యం కాదు. చెవి నాడి నుండి మెదడు కాండంలోని పాన్స్ భాగంలో ఉన్న కొన్ని భారీ నాడీకణాలకు, అక్కడి నుండి వెన్నుపాముకు, అక్కడి నుండి కండరానికి సంకేతం చేరుతుంది. మనిషిలో శబ్దం వచ్చిన 30 నుండి 40 మిల్లీసెకన్లకే రెప్ప మూతపడుతుంది. శబ్దం రాబోతోందని ముందే తెలిసినా దీనిని పూర్తిగా ఆపుకోలేము. మెదడు పై భాగాలు లేకుండా పుట్టిన శిశువులలో సైతం మోరో చర్య కనిపించడాన్ని బట్టి, దాని కేంద్రం కూడా మెదడు కాండంలోనే ఉందని తెలుస్తోంది.

చేపలలో ఈ ఏర్పాటు ఇంకా క్లుప్తం. నాగావళి రేవులో రాయి పడగానే చేపలు మెరుపులా మళ్ళిపోవడానికి వెనుక మెదడులో ఉండే ఒక జత మౌత్నర్ కణాలు ముఖ్య కారణం. లుడ్విగ్ మౌత్నర్ 1859లో వర్ణించిన ఈ కణాలలో ఒక్కటి స్పందిస్తే చాలు, చేప శరీరం రెండవ వైపుకు వంగి ప్రమాదం నుండి తప్పుకుంటుంది.

పెద్ద మెదడు ఉలికిపాటును పుట్టించదు గాని, దాని జోరును పెంచగలదు, తగ్గించగలదు. భయంతో ఉన్న ప్రాణి ఎక్కువగా ఉలికిపడుతుందని 1951లో, అంటే మోరో మరణించిన ఏడాదిలోనే, ఎలుకలపై చేసిన ప్రయోగాలలో తేలింది. అమిగ్డలా అనే భాగం ఇందుకు కారణమని తరువాత తెలిసింది. అదే శబ్దం మళ్ళీ మళ్ళీ వస్తే ఉలికిపాటు తగ్గిపోతుంది. రైలు పట్టాల పక్క ఇళ్ళలో పిల్లలు హాయిగా నిద్రపోవడం అందువల్లనే. చిన్న చప్పుడుకు కూడా ఒళ్ళు బిగుసుకుపోయే హైపరెక్‌ప్లెక్సియా అనే అరుదైన వంశపారంపర్య వ్యాధికి గ్లైసిన్ గ్రాహకపు జన్యువులో లోపం కారణమని 1993లో కనుగొన్నారు.

వైద్యంలో ఉపయోగం

పరికరమేదీ లేకుండా క్షణంలో చేయగల పరీక్ష కావడంతో మోరో చర్య నవజాత శిశు పరీక్షలో భాగమైంది. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలోనైనా, నెల్లిమర్లలోని మహారాజా వైద్య కళాశాలలోనైనా, శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలోనైనా శిశువైద్యం చదివే విద్యార్థికి ఈ పేరు తప్పక పరిచయమవుతుంది. నెలలు నిండిన బిడ్డలో ఇది సంపూర్ణంగా ఉంటుంది. ఒక చేయి మాత్రమే కదిలితే కాన్పు సమయంలో భుజం నరాలు సాగి దెబ్బతిన్నాయనో, జత్రుక ఎముక విరిగిందనో అనుమానిస్తారు. రెండు చేతులూ కదలకపోతే పుట్టినపుడు ఊపిరాడక మెదడు దెబ్బతినడం, తీవ్రమైన కామెర్లు మెదడుకు ఎక్కడం వంటి కారణాలు వెదుకుతారు. ఆరు నెలలు దాటినా ఇది పోకపోతే మస్తిష్క పక్షవాతం వంటి నాడీలోపం ఉందేమో పరీక్షిస్తారు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. శిశువులలో వచ్చే ఒకరకం మూర్ఛ చూడటానికి ఉలికిపాటులాగే ఉంటుంది. తన సొంత కుమారుడిలో దీనిని గమనించి 1841లో వర్ణించిన ఆంగ్ల వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ పేరుతో దీనిని వెస్ట్ సిండ్రోమ్ అంటారు. ఇది సాధారణంగా మూడు నెలల నుండి ఏడాది లోపు, అంటే మోరో చర్య వెనుకబట్టే వయసులోనే మొదలవుతుంది. ఏ చప్పుడూ, ఏ కుదుపూ లేకుండానే, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే, కొన్ని సెకన్ల తేడాతో వరుసగా పదేపదే బిడ్డ తల వాల్చి చేతులు చాచుతుంది. నేర్చుకున్న నవ్వు, చూపు కూడా తగ్గిపోవచ్చు. దీనికి చికిత్స ఎంత తొందరగా మొదలైతే బిడ్డ బుద్ధి వికాసానికి అంత మేలు. ఉలుకే కదా అని తాయెత్తు కట్టించి నెలలు గడిపితే ఆ అవకాశం చేజారుతుంది. టీకాలకు తీసుకువెళ్ళినపుడు ఇటువంటి కదలికల గురించి చెప్పడం, వీలైతే ఫోనులో వీడియో తీసి చూపించడం ఎంతో ఉపయోగం.

నాజీల కాలం, మరణం

మోరో భార్య గ్రేటె హ్యోనిగ్స్‌వాల్డ్ యూదు వంశానికి చెందినది. 1933లో నాజీలు అధికారానికి రావడంతో విశ్వవిద్యాలయాల నుండి యూదులను తొలగించడం మొదలైంది. పాల్ జార్జి ఆ ఏడాదే దేశం విడిచి ఇంగ్లండుకు, అక్కడి నుండి అమెరికాకు వెళ్ళిపోయాడు. మోరో యూదుడు కాడు గాని, భార్య కారణంగా ఆయన మీద కూడా ఒత్తిడి పెరిగింది. విడాకులు తీసుకుని పదవి నిలుపుకున్నవారు ఆ కాలంలో లేకపోలేదు. మోరో ఆ పని చేయలేదు. 1936లో అనారోగ్యం కారణంగా చూపి పదవి నుండి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో యూదు జీవిత భాగస్వాములు ఉన్న ప్రభుత్వోద్యోగులను అధికారికంగానే తొలగించసాగారు.

ఆయన స్థానంలో 1937లో నాజీ పార్టీ సభ్యుడు యోహాన్ డూకెన్ ఆసుపత్రి అధిపతి అయ్యాడు. మోరో హైడెల్‌బర్గ్ విడిచి వెళ్ళలేదు. అదే ఊరిలో ప్రైవేటుగా పిల్లలకు వైద్యం చేస్తూ యుద్ధకాలం గడిపాడు. 1940 అక్టోబరులో ఆ ప్రాంతపు యూదులను వేల సంఖ్యలో ఫ్రాన్సులోని గూర్స్ నిర్బంధ శిబిరానికి తరలించారు. యూదేతరులను పెళ్ళాడిన వారిని ఆ తరలింపులో చాలావరకు మినహాయించారు. భర్త బ్రతికి ఉండటం, వివాహం నిలిచి ఉండటం మీదనే అటువంటి స్త్రీల ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

యుద్ధం ముగిసేనాటికి మోరో వయసు డెబ్భై దాటింది. 1951 మార్చి 17న, 76 ఏళ్ళ వయసులో, హైడెల్‌బర్గ్‌లో మరణించాడు.